పదిహేను గంటల దారి

కొండ మలుపు దాటాక డ్రైవరు గేరు మార్చి, ఎడమ మోకాలిని అరచేత్తో రుద్దుకున్నాడు. తెల్లవారుతూనే బయలుదేరిన బస్సు రాత్రి భోజనాల వేళకి అవతలి ఊరు చేరాలి. దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్లు, పదిహేను గంటల దారి. సగం దారిలో హోటల్ దగ్గర సీటు రెండో డ్రైవరుకి అప్పగించి, వెనక పరదా చాటునున్న ఇరుకు పడక మీద నడుం వాల్చవచ్చు.

నిజానికి మొదటి సగం తనది కాదు. "గుండెల్లో మంటగా ఉంది బావా, రాత్రి తిన్నది అరగలేదేమో. ఇవాళ ముందు నువ్వు ఎక్కు," అన్నాడు రెండో డ్రైవరు, పొద్దున బయలుదేరేముందు.

"నీ అరుగుదల నా చావుకొచ్చింది," అని గొణుగుతూనే ఎక్కాడు.

ఇద్దరికీ చుట్టరికం లేదు. కలిసి నడిపిన మొదటి ఏడాదే బావలైపోయారు. ఒకరు మేలుకుంటే ఒకరు నిద్ర, అంతే వాళ్ల స్నేహం. "మీ బావ నిద్రపోతుంటే నువ్వు బండి నడుపుతావు. నువ్వు ఇంట్లో నిద్రపోతుంటే నేను సంసారం నడుపుతాను," అనేది డ్రైవరు భార్య.

ముందు సీటాయన ఫోను చూస్తూ నిట్టూర్చాడు. "విమానంలో అయితే గంటా పావు. టికెట్ దొరక్క ఇందులో పడ్డాను."

ఈ మాట రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. సగం ఖాళీగా తిరుగుతున్న ఈ బస్సును త్వరలో ఆపేస్తారని డిపోలో చెప్పుకుంటున్నారు. పరదా వెనకనుంచి జవాబొచ్చింది.

"గంటా పావులో చేరిపోతే నేనెప్పుడు పడుకోవాలండీ?"

ముందు వరసలు నవ్వాయి.

హోటల్ దగ్గర డ్రైవరు భోంచేసి వచ్చి పరదా తీశాడు. రెండో డ్రైవరు అటు తిరిగి, దుప్పటి చెవులదాకా కప్పుకొని ఉన్నాడు. టైర్ల మోతను మించే గురక ఇవాళ లేదు. మంచి నిద్ర పట్టిందనుకున్నాడు. లేపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నడుం పట్టేసింది, కళ్లు మండుతున్నాయి. అయినా ఒంట్లో బాగోలేనివాణ్ణి లేపబుద్ధి కాలేదు. ముఖం కడుక్కొని మళ్లీ స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు.

మొత్తం దారి ఒక్కడే నడపడం అదే మొదటిసారి. సాయంత్రం పైన ఒక విమానం తెల్లటి గీత గీసుకుంటూ పోయింది. అందులో వాళ్లకి వంతులు మార్చుకునే పనుండదు కాబోలు అనుకున్నాడు. తర్వాత బావని ఎలా ఏడిపించాలో ఆలోచిస్తూ నిద్ర ఆపుకున్నాడు.

అవతలి ఊళ్లో అందరూ దిగాక ఇంజను ఆపాడు. "లే బావా, ఊరొచ్చింది. నీ డ్యూటీ కూడా నేనే చేశాను. రేపు టీ నువ్వే తేవాలి."

పరదా తీసి భుజం పట్టుకున్నాడు. భుజం చల్లగా, కట్టెలా బిగుసుకొని ఉంది.

మధ్యాహ్నానికి ముందే పోయి ఉంటాడన్నాడు డాక్టరు.

"ఇంట్లోవాళ్లని పొద్దున్నే విమానం ఎక్కిద్దాం, గంటా పావులో ఇక్కడుంటారు," అన్నాడు అక్కడి డిపో మేనేజరు, ఫోను అందుకుంటూ.

"చెల్లెమ్మకి నేను చెప్తానండి," అన్నాడు డ్రైవరు.

అవతల ఫోనెత్తిన బావ భార్య, "ఎక్కడిదాకా వచ్చారన్నయ్యా?" అంది.

"ఊరొచ్చేశామమ్మా," అన్నాడు. తర్వాత జరిగింది చెప్పాడు.

సామాను తీసుకుందామని మళ్లీ బస్సెక్కాడు. దుప్పటి బావని తీసుకెళ్లినవాళ్లతోనే పోయింది. పడక పైన కొక్కేనికి, తన వంతు వచ్చినప్పుడు తొడుక్కోవాలని రెండో డ్రైవరు ఇస్త్రీ చేయించి తెచ్చుకున్న యూనిఫాం చొక్కా మడత నలగకుండా వేలాడుతోంది.