పదిహేడో నంబరు

బస్సు కదలకముందే పిల్లలకు నంబర్లు పంచేవారు. పెద్దబడి గుమాస్తా బస్సు మెట్టు మీద నిలబడి, చేతిలో చీటీ పట్టుకుని, ఒక్కో పిల్లను వేలెత్తి చూపిస్తూ చెప్పేవాడు. నువ్వు నాలుగు. నువ్వు తొమ్మిది. నువ్వు పదిహేడు. నంబరు పిలిస్తే లేచి నిలబడాలి, చదవమన్నది చదవాలి, అడగని మాట ఒక్కటీ మాట్లాడకూడదు. తర్వాత సంచిలోంచి కొత్త చొక్కాలు తీసి ఇచ్చేవాడు. పిల్లలు తమ వెలిసిపోయిన బట్టల మీదే వాటిని తొడుక్కునేవాళ్లు. సాయంత్రం దిగేముందు విప్పి మళ్లీ సంచిలో వేసెయ్యాలి. ఒకసారి చొక్కా మీద సిరా మరక పడిందని గుమాస్తా ఒక పిల్ల నెత్తిన మొట్టడం అద్దంలో చూశాను. చూసి గేరు మార్చాను. అదీ నేను చేసిన ఘనకార్యం.

ఆ బస్సు డ్రైవర్ని నేనే. పదిహేడో నంబరు నా చెల్లెలి కూతురు, పదకొండేళ్ల పిల్ల. మొట్టికాయ తిన్నదీ అదే.

మా ప్రాంతంలో నాలుగు సర్కారు బళ్లున్నాయి. నాలుగింటినీ నడిపేది ఒక కమిటీ. దానికి అధ్యక్షుడు కంకర క్వారీ కాంట్రాక్టరు. కార్యదర్శి పెద్దబడి హెడ్మాస్టరు. పంతుళ్ల కొలువు ఏడాదికోసారి పొడిగించాలన్నా, ఏ బడికి ఎన్ని పుస్తకాలు వెళ్లాలన్నా సంతకం కాంట్రాక్టరుదే. ఆయన ఏం చదివాడని మాత్రం అడక్కండి. ఏటా ఒకసారి తనిఖీ జరుగుతుంది. పై అధికారి ఒక్కరోజులో నాలుగు బళ్లూ తిరిగి, పిల్లలతో చదివించి, లెక్కలు చేయించి, బళ్లకు స్థానాలు వేసి వెళ్తాడు. మొదటి స్థానం వచ్చిన బడికి బెంచీలు, పుస్తకాలు. చివరి స్థానం వచ్చిన బడికి తాఖీదులు.

ఐదేళ్లుగా మొదటి స్థానం పెద్దబడిదే. చివరి స్థానం క్వారీ బడిదే. రెండు గదులు, ఒక పంతులమ్మ, ముప్ఫై ఎనిమిది మంది రాళ్లు కొట్టేవాళ్ల పిల్లలు. ఇంత చెత్త బడి ఈ చుట్టుపక్కల లేదని కమిటీ సమావేశంలో హెడ్మాస్టరు అంటుంటే, టీ గ్లాసులు అందిస్తూ నేనూ విన్నాను.

అసలు కిటుకు వినండి. కమిటీ సభ్యుల పిల్లలు పట్నంలో ఫీజులు కట్టి చదువుతారు. కానీ పెద్దబడి రిజిస్టర్లో వాళ్ల పేర్లే ఉంటాయి, బడికి సంఖ్య కావాలి కదా. చేరిన రోజు ఇచ్చిన నంబరే వాళ్లకు చివరిదాకా. తనిఖీ రోజున ఆ నంబర్లకు పలకడానికి పిల్లలు కావాలి. అందుకని పొద్దున్నే క్వారీ బడి నుంచి బాగా చదివే తొమ్మిది మందిని, మిగతా రెండు పల్లెల బళ్ల నుంచి నలుగురేసి పిల్లల్ని బస్సులో ఎక్కించి పెద్దబడి ముందు బెంచీల్లో కూర్చోబెట్టేవాళ్లు. పొద్దున అధికారి పెద్దబడి చూసేవాడు. మధ్యాహ్నం క్వారీ బడికి వచ్చేసరికి అక్కడ మిగిలేది అక్షరాలు దిద్దుకునే చిన్నపిల్లలూ, జ్వరంతో మూలిగేవాళ్లూ. ఆయన క్వారీ దాటి వెళ్లాడని ఫోను వచ్చేదాకా నా బస్సు పెద్దబడి ఆవరణలోంచి కదలకూడదు. అది హెడ్మాస్టరు ఆజ్ఞ.

నాకు ఇదంతా తెలియదా? తెలియదంటే అబద్ధం. సగం తెలుసు. మిగతా సగం తెలుసుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను.

ఇంకో సంగతి చెప్తే మీరు నవ్వుతారు. ఆ బస్సెక్కడం మావాళ్లకు గొప్ప. తనిఖీ ముందురోజు క్వారీ వీధిలో ఏ ఇంట చూసినా తలంట్లే. ఎవరి పిల్లను ఎంపిక చేస్తారోనని తల్లులకు కాలు నిలిచేది కాదు. ఒక ఏడాది ఎంపిక దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మాటామాటా అనుకుని, ఒకే గుట్ట దగ్గర రాళ్లు కొడుతూ కూడా మళ్లీ ఏడాది దాకా పలకరించుకోలేదు. మా చెల్లెలికైతే పట్టపగ్గాలు లేవు. బావ రెండేళ్ల కిందట కాంట్రాక్టరు క్వారీలోనే మీద బండరాయి పడి చనిపోయాడు. మిగిలిన ఒక్క పిల్లా పెద్దబడి ముందు బెంచీలో కూర్చుంటోందని వీధంతా చెప్పుకుంది. మా బడి గొంతు కోసే కత్తికి మేమే నూరి పదును పెట్టాం, అదీ సంబరంగా.

ఈ ఏడాది తనిఖీకి పదిరోజుల ముందు క్వారీ బడి తలుపు మీద కాగితం అంటించారు. ఫలితాలు అసంతృప్తికరంగా ఉన్నందున వచ్చే నెల నుంచి ఈ బడి మూసివేయబడును, తుది తనిఖీ లాంఛనంగా జరుగును, విద్యార్థులు పెద్దబడిలో చేరవచ్చును. పెద్దబడి తొమ్మిది కిలోమీటర్లు, దారి పొడుగునా కంకర లారీలు. మరి రోజూ బస్సు పెడతారా అని గుమాస్తాను అడిగాను. బస్సు తనిఖీకి గాని పిల్లలకు కాదన్నాడు. ఆ ముక్క నవ్వుతూ అన్నాడు. బడి గదులు కాంట్రాక్టరు పేలుడు మందు దాచుకోవడానికి తీసుకుంటాడని క్వారీ మేస్త్రీ అప్పటికే చెప్పేశాడు. పిల్లలేమవుతారో వేరే చెప్పాలా? బడి లేని పిల్ల చేతికి సుత్తి వస్తుంది. నా మేనకోడలు చేతికీ వస్తుంది.

మధ్యాహ్నం కూటి వేళ క్వారీలో రేకుల షెడ్డు కింద మావాళ్లందరూ చేరారు. పంతులమ్మనూ పిలిచారు. అర్జీ పెడదామని మేస్త్రీ అన్నాడు. పెట్టిన అర్జీలన్నీ ఏమయ్యాయని ముసలాయనొకడు కసిరాడు. కాంట్రాక్టరు కాళ్లు పట్టుకుందామని ఒకావిడ అంటే, పట్టుకుని పట్టుకుని మన చేతులరిగాయి గానీ ఆయన కాళ్లరగలేదని ఇంకొకావిడ అంది. గోల సద్దుమణిగాక మా చెల్లెలు లేచి, అసలు మన బడి అంత చెడ్డదని ఎక్కడ రాశారో చదవమని పంతులమ్మను అడిగింది.

పంతులమ్మ సంచిలోంచి పోయిన ఏటి నివేదిక తీసింది. హాజరైనవారు పద్నాలుగు మంది, వాచకం చదవగలిగినవారు ఒక్కరు, అని చదివి తల దించుకుంది.

"ఆ రోజు మా పిల్ల ఎక్కడుంది?" అని అడిగింది చెల్లెలు.

జవాబు నా మేనకోడలే చెప్పింది. "మామయ్య బస్సులో."

అందరూ నా వైపు తిరిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. గుమాస్తా చీటీ దగ్గర్నుంచి, ఫోను వచ్చేదాకా ఆవరణలో ఆగడం దాకా, ఉన్నదంతా కక్కేశాను. క్వారీలో బండలకు మందు పెట్టి పేల్చేవాడొకడు నా చొక్కా పట్టుకున్నాడు. కొడితే పడేవాణ్ణే. పంతులమ్మ ఏడ్చేసింది. పిల్లల్ని ఏరి ఇచ్చింది తనేననీ, ఇవ్వకపోతే కొలువు పొడిగించేది లేదన్నారనీ చెప్పింది.

"వాళ్లను తిట్టి ఏం లాభం?" అంది చెల్లెలు. "తలంటి పోసి పంపింది మనం కాదా? అన్నయ్యా, ఈసారి కూడా బస్సు తీసుకురా. ఖాళీ సీటు ఒక్కటి కూడా ఉండకూడదు."

పిల్లల్ని పంపకుండా ఇంట్లో ఉంచితే చాలని కొందరు వాదించారు. ఉంచితే ఇంకో పల్లె నుంచి ఇంకో తొమ్మిది మందిని తెస్తారని నేనన్నాను. ఆ వాదన తెగకముందే మళ్లీ పనిలోకి రమ్మని క్వారీ కూత కూసింది. ఆ రోజు కూత విని ఒక్కరూ లేవలేదు. క్వారీ ఆఫీసు మనిషి వచ్చి కేకలేసినా లేవలేదు. వెళ్లాలనే తేలింది.

తనిఖీ నాడు గుమాస్తా ఎప్పటిలాగే నంబర్లు పంచాడు. తొమ్మిది మందీ బుద్ధిగా చొక్కాలు తొడుక్కున్నారు. వాళ్ల వెనకాల మిగతా ఇరవై తొమ్మిది మంది ఎక్కారు. వాళ్ల వెనక తల్లులెక్కారు. ఆఖర్న పంతులమ్మ తన బడి హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని ఎక్కింది. గుమాస్తా చేతులడ్డం పెట్టాడు.

"మూసేశాక అక్కడికేగా రమ్మన్నారు," అంది చెల్లెలు. "ఎలా ఉంటుందో ఒకసారి చూసుకోనివ్వు బాబూ."

గుమాస్తా చేతులు దించి పక్కకు జరిగాడు. మిగతా రెండు పల్లెల దగ్గర బస్సు ఆపమన్నాడు, నేను ఆపలేదు. తలుపు తీసుకుని దిగమన్నాను. దిగలేదు.

పెద్దబడి గదిలో అధికారి, ఆయన పక్కన అధ్యక్షుడు, వెనకాల హెడ్మాస్టరు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. తొమ్మిది మంది ముందు బెంచీలో కూర్చున్నారు. మిగతా పిల్లలూ తల్లులూ వసారాలో. అధికారి పదిహేడో నంబరు పిలిచాడు. నా మేనకోడలు లేచి, ఇచ్చిన పాఠం ఒక్క తప్పు లేకుండా చదివింది. అధికారి మురిసిపోయి అధ్యక్షుడి వైపు చూశాడు. ఎందుకంటే రిజిస్టర్లో ఆ నంబరు అధ్యక్షుడి కూతురిది.

"శెభాష్ తల్లీ," అన్నాడాయన. "మీ నాన్నగారి పేరు నిలబెట్టావు."

నిజం చెప్తున్నాను, ఇంతదాకా వస్తుందని మేం అనుకోలేదు. లేచి నేను క్వారీ బడి పిల్లనని చెప్పమని మాత్రమే నేర్పాం. అది అన్న మాట మాత్రం దాని సొంతమే.

"మా నాన్న ఈయన కాదండి. మా నాన్న ఈయన క్వారీలో రాయి పడి చచ్చిపోయాడు."

చెప్పి, పై చొక్కా విప్పి, మడత పెట్టి బెంచీ మీద పెట్టింది. మిగతా ఎనిమిది మందీ విప్పారు. నేను నాలుగు కాదు, నేను తొమ్మిది కాదు, అని ఒక్కొక్కరే చెప్పి వసారాలోకి వచ్చి తమ వాళ్లలో నిలబడ్డారు. ముందు బెంచీ మీద తొమ్మిది చొక్కాలు మిగిలాయి. పాపం, అధికారి రిజిస్టరు కేసి చూస్తాడు, చొక్కాల కేసి చూస్తాడు. ఐదేళ్ల నివేదికల మీద సంతకాలు ఆయనవే మరి. ఆఖరికి, ఇది కమిటీ సొంత విషయమని గొణిగి రిజిస్టరు మూసేశాడు. అంతేనా అని నాకు కడుపు మండిపోయింది.

అధ్యక్షుడు పోలీసులకు ఫోను చేశాడు. ఆయన పిలిస్తే రావడం వాళ్లకు అలవాటే, దారి అడగాల్సిన పని లేదు. అనుమతి లేకుండా ప్రభుత్వ వాహనంలో గుంపును తెచ్చినందుకు, అధికారి విధులకు ఆటంకం కలిగించినందుకు నన్ను జీపులోకి నెట్టారు. ఐదేళ్లు పిల్లల్ని దొంగతనంగా మోసినప్పుడు మాత్రం ఆ వాహనం ప్రభుత్వానిదని ఎవరికీ గుర్తు రాలేదు.

జీపు గేటు దాటి పదిగజాలు వెళ్లి ఆగిపోయింది. రోడ్డు మీద ముప్ఫై ఎనిమిది మంది పిల్లలూ వరసగా కూర్చున్నారు. వాళ్ల ముందు పంతులమ్మ నిలబడి ఉంది. ఐదేళ్లుగా ఎవరేమన్నా అలాగేనండీ అనడం తప్ప ఇంకో మాట రాని మనిషి. కానిస్టేబులు తప్పుకోమని అరిచాడు. హాజరు పిలుస్తున్నాను, అయ్యాక తప్పుకుంటానని చెప్పి ఆమె పుస్తకం తెరిచింది. నంబర్లు లేవు. పేర్లు, ఇంటిపేర్లతో సహా, తొందరపడకుండా పిలిచింది. ఒక్కొక్కరే లేచి గొంతెత్తి పలికారు. నా మేనకోడలు పలికినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ముప్ఫై ఎనిమిది మందీ అయ్యాక ఆమె పుస్తకం మూసి, వాచకం తీయమంది. జీపు వెనక్కి తిరిగి చుట్టుదారిన పోయింది.

ఇది జరిగి నెల దాటింది. పంతులమ్మ కొలువు పొడిగించలేదు. అయినా రోజూ బడి తెరుస్తోంది. కాగితం తలుపు మీద అలాగే ఉంది, మూసేవాళ్లు మాత్రం రాలేదు. వస్తే గుమ్మంలో తలా ఒక సుత్తితో ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. నిన్న జైలుకు చెల్లెలు వచ్చింది. పెద్దబడిలో మళ్లీ తనిఖీ పెట్టారట. కొత్త డ్రైవరు బస్సు తీసుకుని ఆ రెండు పల్లెలకూ వెళ్లాడట. రెండు చోట్లా తల్లులు వాకిట్లో నిలబడి, మా పిల్లలు వాళ్ల సొంత పేర్లకే పలుకుతారు పొమ్మన్నారట. మధ్యాహ్నం దాకా హారన్ కొట్టి కొట్టి బస్సు ఖాళీగా తిరిగి వెళ్లిందట.

నవ్వు ఆపుకోలేక ఊచలు పట్టుకున్నాను. మా చెల్లెలు నవ్వలేదు. రాళ్లు కొట్టి పగిలిన వేళ్లతో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పదిహేడో నంబరు మూడుసార్లు పిలిచారట అన్నయ్యా," అంది. "ఎవరూ పలకలేదట."