తిరగేసిన ఫిలిం

డెంటల్ కౌన్సిలు విచారణకు ముందు చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి. కేసు షీటుకి నకలు తీయించాలి. ఎక్స్‌రే ఫిలిం కవర్లో పెట్టాలి. అమ్మకి ఏదో మీటింగుందని చెప్పాలి. రెండు ముద్దలైనా తినాలి. పళ్ళ డాక్టరమ్మ ఆఖరిది తప్ప అన్నీ చేసింది.

ఎడమవైపు పన్ను పీకాల్సింది పోయి కుడివైపు గట్టి పన్ను పీకేసిందని ఫిర్యాదు. లైసెన్సు తీసేస్తే? వాళ్ళ వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే.

సాయంత్రం ఆమె పిలిచిన పెద్దాయన క్లినిక్కి వచ్చాడు. ఆయనా పళ్ళ డాక్టరే. ఒకప్పుడు అదే కౌన్సిలు ముందు నిలబడ్డవాడు. చిక్కుల్లో పడ్డ తోటి డాక్టరు ఎవరు పిలిచినా వచ్చి పక్కన కూర్చుంటాడు. వచ్చీ రాగానే పేషెంటు కుర్చీలో వాలాడు.

"ఊఁ, నేనే కౌన్సిలు అనుకో. ఏం జరిగిందమ్మా?"

"ఆ పన్నే నొప్పని పేషెంటు చూపించాడు సార్..."

"చూపించాడా?"

ఆమె తల దించుకుంది.

"ఊరందర్నీ నోరు తెరవమంటాం. మన నోరు మాత్రం పెగలదు. మళ్ళీ చెప్పు."

ఆమె కవర్లోంచి ఫిలిం తీసింది. మూలనున్న చిన్న బొడిపె చూసేవాళ్ళ వైపుండాలి. అది అవతలి వైపుకి తిరిగితే కుడి ఎడమైపోతుంది.

"తిరగేసి పెట్టాను సార్. రెండువైపులా పాత ఫిల్లింగులే, పైకి తేడా తెలీలేదు. అతన్ని ఒక్క మాట అడిగినా సరిపోయేది. అడగలేదు."

"రేపు ఇదే చెప్పు."

"లైసెన్సు పోతుంది సార్!"

"పోవచ్చు. పోదని నేను చెప్పలేను తల్లీ. అబద్ధమాడితే మాత్రం, ఆ పేషెంటు నీ ఎదురుగానే కూర్చుని వింటుంటాడు."



మర్నాడు ఇద్దరూ విచారణ గది బయట బెంచీ మీద కూర్చున్నారు. లోపలికి ఆయన్ని రానివ్వరు.

"మీకెందుకు సార్ ఈ తిప్పలు?"

"నాతో చదివినవాడొకడు ఇలాగే విచారణకి ఒక్కడే వచ్చాడమ్మా. పెళ్ళానిక్కూడా చెప్పలేదు. పిలుపు రాకముందే ఈ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఇంటికి చేరలేదు. నాకు తెలిసుంటే పక్కన కూర్చునేవాణ్ణి."

బంట్రోతు పిలిచాడు. ఆమె లోపలికి నడిచింది. కూర్చోమని అనకముందే, "ఫిలిం నేనే తిరగేసి పెట్టానండీ," అంది.

కొంతకాలం ప్రాక్టీసు ఆపమన్నారు. లైసెన్సు మాత్రం ఉంచారు. బయటికొచ్చి బెంచీ మీద కూలబడితే పెద్దాయన మంచినీళ్ళ సీసా మూత తీసి అందించాడు.

మీకు తెలిసినవాళ్ళెవరైనా అలాంటి తలుపు బయట కూర్చోవలసి వస్తే, ఒంటరిగా వచ్చి మెట్లు దిగిపోయిన ఆ డాక్టర్ని ఒక్కసారి తలుచుకుని, వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి.