గట్టిదానివి నువ్వు

పెద్దోడు విమాన ప్రయాణపు పెట్టెలోకి రానని మొండికేస్తే ఆమే ముందు దూరింది. మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి, లోపల పరిచిన పాత దుప్పటి మీద ముడుచుకుని కూర్చుని, "రా నాన్నా, ఏం కాదు, నేనున్నాగా" అని పిలిచింది. నలభై ఎనిమిది కిలోల కుక్క. పదకొండేళ్లొచ్చి మూతి తెల్లబడింది. ఆమెను కాసేపు అనుమానంగా చూసి, నిట్టూర్చి, వచ్చి ఒళ్లో తల పెట్టింది. పక్క పెట్టెలో చిన్నది అప్పటికే గుర్రుపెడుతోంది. పేరుకే చిన్నది, అదీ దూడంత ఉంటుంది.

భర్త ఫోనులో చెల్లెలితో మాట్లాడుతూ అటుగా వచ్చాడు. "మీ వదిన కూడా పెట్టెలో కూర్చుందే! సామాన్లలో వేసేస్తే ఒక టికెట్టు మిగులుతుంది" అని పకపకా నవ్వాడు. అవతల ఆడపడుచు నవ్వు గదంతా వినబడింది. ఆమె కూడా, అలవాటు చొప్పున, నవ్వింది.

ఆయన రిటైరై ఏడాదైంది. నెల నెలా వచ్చే పింఛను అద్దెకూ కుక్కల తిండికీ బొటాబొటి. వేరే దేశంలో, కొండల పక్కన చిన్న ఊళ్లో, అదే డబ్బుకు పెరడున్న ఇల్లే వస్తుందని ఎవరో స్నేహితుడు చెప్పాడు. "అక్కడైతే దొరల్లా బతకొచ్చు" అన్నాడాయన. ఆమెను అడగలేదు, చెప్పాడంతే. కుక్కల్ని వదిలి వచ్చేది లేదని కూడా చెప్పాడు. వీధిలో అందరికీ ఆయన 'కుక్కల సారు'. సాయంత్రం రెంటినీ చెరోపక్క నడిపించుకుంటూ వెళ్తుంటే ఎదురొచ్చినవాళ్లు ఆగి చూసేవాళ్లు. పొద్దున్నే లేచి వాటికి ఉడకబెట్టడం, ఇంటినిండా రాలిన వెంట్రుకలు ఊడ్చడం, చెవులు తుడవడం, వానలో తడిసిన పాదాలు గుడ్డతో అద్దడం ఎవరి పనో ఏ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు టీకాలు, పత్రాలు, పెట్టెల కొలతలు కూడా ఆ పనుల్లోనే కలిసిపోయాయి.

కుక్కలు ప్రయాణానికి పనికొస్తాయని రాసివ్వాల్సిన రోజున పశువుల డాక్టరమ్మ పెద్దోడి దగ్గర ఆగిపోయింది. "గుండె బాగా పెరిగిందండీ. విమానం అడుగున అన్ని గంటలు తట్టుకోలేదు. ఇంటిపట్టున ఉంటే మాత్రం కొన్ని నెలలు హాయిగా ఉంటుంది."

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే సంతకం పెట్టిన కాగితం ఆమె చేతిలో పెట్టాడు. "ఎవరికిచ్చినా వాడు బెంగపెట్టుకుంటాడు. మళ్లీ లేవకుండా నిద్రమందు ఇప్పించేద్దాం. నువ్వు తీసుకెళ్లు. నేను చూడలేను."

"నేనా?"

"నువ్వయితే గట్టిదానివి."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. మామగారు ఎనిమిది నెలలు మంచాన పడ్డప్పుడు పక్కగుడ్డలు మార్చింది తనే. "వాడిది వెన్నలాంటి మనసమ్మా, తండ్రినలా చూడలేడు. గట్టిదానివి నువ్వు" అని అత్తగారు మెచ్చుకుంటే, పిచ్చిది, తను పొంగిపోయింది కూడా. అంతకు చాలా ముందు, పురిట్లోనే పోయిన బిడ్డను చూడలేనని ఆయన వరండాలో నిలబడిపోతే, గుడ్డలో చుట్టిన ఆ కాస్త ముఖాన్నీ చూసింది తనే, నర్సు చేతికి తిరిగి అప్పగించిందీ తనే. ఆయన ఏడుస్తుంటే వీపు నిమిరింది కూడా తనే. ఆయన మనసు అంత మెత్తగా, ఒక్క గీతైనా పడకుండా ముప్పైయేళ్లు నిలిచిందంటే, దానికి తగలాల్సిన దెబ్బలన్నీ ఎక్కడికి వెళ్లాయో ఆమె ఏనాడూ ఆలోచించలేదు. పెద్దోడి మెడకు పట్టీ కడుతుంటే ఆలోచన వచ్చింది.

డాక్టరమ్మ కాగితం చదివింది. "సారు రాలేదా?"

"ఆయన చూడలేరండీ."

"మరి మీరు చూడగలరా?"

ఆమె 'ఆఁ' అనబోయింది. ఇంతవరకూ ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. కుక్క పక్కనే నేల మీద కూలబడింది. డాక్టరమ్మ కాగితం మడిచి తిరిగి ఆమె చేతికిచ్చేసింది.

"నేను ఆగిపోతాను, వాడున్నన్నాళ్లూ" అని ఇంటికొచ్చి చెప్పింది.

"కుక్క కోసం మొగుణ్ణి ఒంటరిగా పంపిస్తావా? నలుగురూ ఏమనుకుంటారు?"

"మీరు చూడలేనన్నారుగా. నేను చూస్తాను."

ఇదెన్నాళ్లులే అనుకున్నాడేమో, ఆయన చిన్నదాన్ని తీసుకుని వెళ్లిపోయాడు. విమానాశ్రయంలో పెట్టెను తోసుకుపోతుంటే చిన్నది గుండ్రంగా తిరిగి, కమ్మీల సందులోంచి ఆమెనే చూస్తూ కనుమరుగైంది.

ఆమె ఒంటిగది అద్దెకు తీసుకుంది. డాక్టరమ్మ దగ్గరే కుక్కలకు స్నానాలు చేయించే పనిలో చేరింది. జీతం కొంచెమే. పెద్దోడు గుమ్మంలో ఎండకు పడుకుని, వచ్చేపోయే కుక్కల్ని పెద్దరికంగా చూస్తుండేవాడు. నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె ఒళ్లోనే పోయాడు. ఆమె వీధిలోకి వినబడేలా, చిన్నపిల్లలా ఏడ్చింది. ఊరుకోమని ఎవరూ అనలేదు. డాక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుంది, అంతే.

సంగతి తెలిసి భర్త ఫోను చేశాడు. "పోనీలే, వాడి బాధ తీరింది. ఇంకేముంది నీకక్కడ? టికెట్టు తీస్తాను." ఆపైన గొంతు తగ్గించాడు. "చిన్నది ఇప్పటికీ నేను పెడితే సరిగ్గా తినడం లేదు. తలుపు దగ్గరే పడుకుంటోంది. దానికోసమైనా రా."

అది ఎలా పడుకుని ఉంటుందో ఆమెకు తెలుసు. దాని మెడ నిమరాలని చేతులు తహతహలాడాయి. గోడకు ఆనుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది.

"మాంసం మెత్తగా ఉడికించి, చల్లారాక చేత్తో కలిపి పెట్టండి. దాని పక్కనే నేల మీద కూర్చోండి. తినేదాకా లేవకండి."

"ఇవన్నీ నావల్ల ఎక్కడవుతాయి? నువ్వు రావా?"

"రాను. రెండ్రోజులు మారాం చేస్తుంది. తర్వాత అలవాటు పడుతుంది." ఆమె కళ్లు తెరిచింది. "మీరూ పడతారు."