వదులుగా కట్టిన పడుగు

"ఎంతమంది తొక్కినా అణగదప్పా ఈ నూలు, మళ్ళీ లేచి నిలబడతాది" అన్నాడు నూలు కంపెనీ మనిషి జయరాజు, మా అరుగు మీద కూర్చుని. "మా ఇంట్లో దాని మాదిరే" అని నవ్వాడు మా ఆయన ఓబులయ్య. తలుపుకి ఇవతల మగ్గం ఆపి కూర్చున్న నాకు రెండు మాటలూ వినపడ్డాయి. తలుపుకి అవతల తాళం ఉంది.

ఆ తాళం ఎనిమిదేళ్ళది. మా ఆయన జమ్మలమడుగు ముఠా నాయకుడు అన్న వెంట జీపుల్లో తిరిగే రోజుల్లో, ఎదుటి వర్గం వాళ్ళొస్తే ఇల్లు ఖాళీ అనుకుని వెళ్ళిపోవాలని బయట తాళం వేసేవాడు. అత్త పెంచలమ్మ అరుగు మీద కూర్చుని, అడిగినవాళ్ళందరికీ "ఇంట్లో ఎవురూ లేరు నాయనా" అని చెప్పేది. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే మగ్గం ఆపమని కిటికీ మీద రెండుసార్లు కొట్టేది. లోపల ఆ 'ఎవురూ లేరు' అనే మనిషే జంపఖానాలు నేసేది. పోయిన ఎన్నికల ముందు ఆ అన్నా, ఎదుటి వర్గం అన్నా ఒకే పార్టీ కండువా కప్పుకుని, పులివెందులలో ఒకే బంతిలో కూర్చుని భోంచేశారు. పగ పోయింది, తాళం పోలేదు. "అలవాటయిందిలే, తీసి ఏం జేస్తావు?" అంటాడు మా ఆయన. ఏం చేస్తానట! ప్రొద్దుటూరికి కాపురానికొచ్చి పదేళ్ళయినా బజారు ఎటువైపుందో సరిగా తెలియనిదాన్ని. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

జయరాజు తెచ్చిచ్చిన ఈ నూలు వింతది. కొంత మొక్కజొన్న చక్కెర నుంచి తీస్తారట, మిగతాది పెట్రోలు నుంచి. ఉన్ని కన్నా మెత్తన. లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి పోతుంది. మొదటిసారి పడుగు మామూలుగా బిగించి నేస్తే, మగ్గం నుంచి కోయగానే జంపఖానా మూలలు దొప్పల్లా ముడుచుకుపోయాయి. "చేతులా అవి, కట్టెలా?" అన్నాడు మా ఆయన. వీరపునాయునిపల్లెలో కంబళ్ళు నేసే మా అవ్వ, దారాన్ని కాసేపు దాని మానాన వదిలెయ్యమనేది. నూలు కట్టలు, అదే చిలపలు, ఒక పూట విప్పి పెట్టి, పడుగు వదులుగా కట్టాను. ఈసారి జంపఖానా చక్కగా పరుచుకుంది. నేసింది ఆయనే అనుకుని జయరాజు మా ఆయన భుజం తట్టి మెచ్చుకున్నాడు.

ఆ తర్వాతే చాపాడు మాట వచ్చింది. అక్కడ ఇరవైమంది ఆడవాళ్ళకు ఈ నేత నేర్పాలట, నెల జీతమట. "నేను నేర్పుతాలే" అన్నాడు మా ఆయన. పెళ్ళికి ముందు ఎప్పుడో నేసిన మనిషి! జయరాజు వెళ్ళాక అడిగాను, "నేను పోతా మామా" అని.

"నువ్వు లేవని ఎనిమిదేండ్లుగా చెప్తాండాం. ఇప్పుడు యాడనుంచి వచ్చినావని చెప్పాల?" అన్నాడు అన్నం కలుపుకుంటూ. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. మజ్జిగ పోశాను.

బయలుదేరే రోజు చెప్పులేసుకుంటూ అడిగాడు, "పడుగు ఎంత బిగించాల?"

పెళ్ళయ్యాక ఆయనతో నేను అబద్ధమాడింది ఆ ఒక్కసారే. "శానా గట్టిగా" అన్నాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం తాళం తీసుకుని లోపలికొచ్చి, ముడుచుకుపోయిన జంపఖానా నా ముందు పడేశాడు. "ఏంది మే ఇది? అందరి ముందర పరువు పాయె. జయరాజు బయటుండాడు, తొందరగా చెప్పు."

తలుపు తెరిచే ఉంది. అరుగు మీద జయరాజు అడుగుతున్నాడు, "అవ్వా, నిజంగా నేసిందెవరు?" అత్త అలవాటుగా, "ఇంట్లో ఎవురూ లేరు నాయనా" అంటోంది.

నేను మగ్గం మీద కూర్చుని, వీధంతా వినపడేట్టు గట్టిగా బాదాను. కిటికీ మీద అత్త రెండుసార్లు కొట్టింది. నేను ఆపలేదు.

"ఇంట్లో నేనుండా జయరాజప్పా!" అని కేకేశాను. "నేసేది నేనే. చాపాడుకు ఎప్పుడు రావాల?"