పైన డొల్ల, కింద రాయి

నేను ఒక బస్తాని. ధాన్యం బస్తాని కాదు, సిమెంటు బస్తానీ కాదు. దెబ్బలు తినడానికే పుట్టినదాన్ని. దూలానికి గొలుసుతో వేలాడుతూ, కొట్టినవాడి దగ్గరికే మళ్ళీ మళ్ళీ ఊగి వచ్చే జన్మ నాది. ఇందులో నాకు అవమానమేమీ లేదు. కొట్టినవాళ్ళకే అప్పుడప్పుడూ జరుగుతుంది.

నా ఒళ్ళు లారీ టార్పాలిను. జూట్ మిల్లు గేటు ఎదురుగా లారీ సీట్లు కుట్టే సాయిబు నన్ను రెండు పొరలు వేసి కుట్టాడు. కడుపులోకి పేటలో ఇంటికో పాతగుడ్డ వచ్చింది. చిరిగిన లుంగీలు, మిల్లువాళ్ళ ఖాకీ చొక్కాలు, సూరీడమ్మ కట్టి కట్టి వెలిసిపోయిన నీలం నేతచీర. ఇసుక పోస్తే కుర్రాళ్ళ మణికట్లు పోతాయని గురువుగారే గుడ్డలు కూరించారు. గురువుగారంటే అప్పలస్వామి. మిల్లులో పని చేసి దిగిపోయిన మనిషి. రేకుల షెడ్డులో వ్యాయామశాల పెట్టి, గుమ్మం మీద ఆంజనేయస్వామి పటం తగిలించి, పేటలో చేతులు ఊరుకోని కుర్రాళ్ళందరికీ బాక్సింగు నేర్పేవారు.

గుడ్డల బస్తాకి ఒక జబ్బు ఉంది. దెబ్బ తిన్నకొద్దీ లోపలి గుడ్డలు కిందికి దిగిపోతాయి. అడుగు రాయవుతుంది, పైభాగం డొల్లవుతుంది. అందుకని ఆ షెడ్డులో ఒక కట్టుబాటు పెట్టారు. అందరికంటే గట్టిగా కొట్టేవాడు అమావాస్యకోసారి నన్ను దింపి, విప్పి, గుడ్డలు ఎండేసి, మళ్ళీ కూరాలి. కొట్టిన చెయ్యే కూరాలి. చాలాకాలం అలాగే నడిచింది.

తర్వాత దాలినాయుడు జిల్లా ఛాంపియనయ్యాడు.

సూరీడమ్మ కొడుకే. మొదట్లో బుద్ధిమంతుడు. మొదటి గెలుపుకి ఒక శాలువా కప్పారు. రెండోదానికి ఇంకోటి. ఆ శాలువాలు చలికి ఆగవు, ఒళ్ళు తుడుచుకుందామంటే చెమట పీల్చవు. అయినా మనిషి మెడ మీద పడగానే ఏదో చేస్తాయి. నాలుగో శాలువాకి వాడు టైగర్ దాలి అయ్యాడు. మీసం పెంచాడు.

"దాలీ, బస్తా పైన డొల్లయిపోనాది. దింపి కూరరా," అన్నారు గురువుగారు ఒక అమావాస్య నాడు.

"టైగరు గుడ్డలు మడతెట్టాలేటి గురూగారూ?" అన్నాడు వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గురువుగారు మళ్ళీ చెప్పలేదు. ఆయన ఏదైనా ఒకసారే చెబుతారు.

అలా నా తల మెత్తబడిపోయింది. దాలి గుద్దితే మోచేతిదాకా సొట్ట పడేది. గుద్దడం, ఒకడుగు వెనక్కి వెయ్యడం, చూసేవాళ్ళ వైపు తిరిగి మీసం మీద చెయ్యి వెయ్యడం. "సూసినారా? బస్తాకే బుర్ర లోపలికి ఎల్లిపోనాది. ఇంక మనిసెంత?" అనేవాడు. ఆ సొట్ట వాడి బలానిది కాదు, వాడి బద్ధకానిది. నాకు నోరు లేదు. ఉన్నా శాలువాలు కప్పుకున్నవాడికి చెప్పడం నా వల్ల అయ్యేది కాదు.

ఆ ఏడు టైటిలు పోటీ మా ఊరి హైస్కూలు మైదానంలోనే పెట్టారు. ఎదుటివాడు సాలూరు వైపు నుంచి వచ్చే తవిటయ్య.

"తవుడు పేరెట్టుకున్నోడు మనల్ని గెలుస్తాడేటి!" అన్నాడు దాలి.

పోటీ ఆదివారం. గెలిచాక ఊరేగింపు ఉండాలి కదా. అభిమానులు బ్యాండువాళ్ళ దగ్గరికి వెళ్ళారు. "ఆదివారం ముహూర్తాలున్నాయి బాబూ, ఒక్కడూ కాళీ లేడు. శనివారమైతే వొస్తాం," అన్నాడు బ్యాండు మేస్త్రి. అభిమానులు ఆలోచించారు. గెలుపు ఎలాగూ ఖాయం, ముందయితేనేం, వెనకయితేనేం? శనివారం సాయంత్రమే విజయోత్సవం పెట్టేశారు.

ట్రాక్టరు మీద వెదురు చట్రం కట్టి నన్ను వేలాడదీశారు. పక్కన దాలి. వెనక 'విజేతకు అభినందనలు' అని ఫ్లెక్సీ. వీధి వీధికీ ట్రాక్టరు ఆపి వాడు నన్ను ఒక గుద్దు గుద్దడం, సొట్ట పడటం, జనం ఈలలు. ఆడవాళ్ళు హారతులిచ్చారు. సూరీడమ్మ మాత్రం పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పెళ్ళవకుండానే సీమంతం సేస్తన్నారేట్రా?" అని అడిగింది.

వ్యాయామశాల ముందుకి వచ్చేసరికి దాలికి మైకు అందించారు. మైకు కూడా శాలువాలాంటిదే. "రేపు నాను ఓడితే ఈ గుమ్మం మళ్ళా తొక్కను! ఆంజనేయసామి మీద ఒట్టు!" అన్నాడు. మీసాన్ని గానీ, డబ్బుని గానీ ఒడ్డి ఉంటే అంత నష్టమయ్యేది కాదు. ఆ గుమ్మం తప్ప వాడికి వేరే బతుకు తెలియదు. గురువుగారు తలెత్తి పటంలోని స్వామి వంక చూశారు. సాక్షి విన్నాడో లేదో కనుక్కుంటున్నట్టు.

ఆదివారం ఆ ట్రాక్టరునే రింగు పక్కన నిలిపారు. కాబట్టి నేను దగ్గర్నుంచే చూశాను.

మొదటి రౌండు దాలిదే. తవిటయ్య పొట్టిగా, నల్లగా, మాట్లాడకుండా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని తిరిగాడు. రెండో రౌండులో దాలి ఒక గుద్దు గుద్దాడు. మంచి గుద్దే. ఆ తర్వాత అలవాటు ప్రకారం ఒకడుగు వెనక్కి వేసి, జనం వైపు తిరిగి, మీసం మీదికి చెయ్యి తీసుకెళ్ళాడు. గ్లౌజు తొడిగిన చేత్తో మీసం మెలెయ్యడం ఎవరికీ సాధ్యం కాదు. అయినా వాడు ప్రయత్నించాడు.

నేనైతే ఆ కాసేపూ ఊగుతూ ఉండేదాన్ని. తవిటయ్య ఊగలేదు.

దాలి వెల్లకిలా పడ్డాడు. రిఫరీ పది లెక్కపెట్టడం అయిపోయినా లేవలేదు. ఆ నిశ్శబ్దంలో ఏ కల్యాణమండపం నుంచో మా బ్యాండు మేళం వినిపించింది. తవిటయ్యే వంగి చెయ్యి అందించాడు. "లెగన్నా. మొగం తుడుసుకో," అన్నాడు. ట్రాక్టరు నన్నొక్కదాన్నే వెనక్కి తీసుకొచ్చింది.

ఆ తర్వాత దాలి షెడ్డులోకి రాలేదు. కానీ తెల్లవారగానే కాళ్ళు వాణ్ణి అక్కడికే తెచ్చేవి. రోడ్డుకి అవతల కల్వర్టు మీద కూర్చునేవాడు. లోపల కుర్రాళ్ళు నన్ను కొడుతుంటే వాడి భుజాలు వాటంతటవే కదిలేవి. ఫ్లెక్సీని ఎవరో మేకల పాకకి కప్పుకున్నారు. మీసం ఎప్పుడు తీసేశాడో ఎవరూ చూడలేదు.

"టైగరూ, టీ తాగుతావా? టీ మీద కూడా ఒట్టు ఉందేటి?" అనేవాడు కల్వర్టు పక్క టీకొట్టు ఎర్రయ్య. దాలి తల వంచుకుని టీ తాగేవాడు.

అమావాస్య వచ్చింది. గురువుగారు నన్ను గొలుసు నుంచి తప్పించి, ఈడ్చుకుంటూ, గుమ్మం దాటించి, రోడ్డు దాటించి, కల్వర్టు పక్కన పడేశారు. ఆయాసపడుతూ నిలబడ్డారు.

"నువ్వు లోనికి రావొద్దులే. ఒట్టేసుకున్నావు. ఇదేం ఒట్టెయ్యలేదు, అందుకే ఒచ్చింది. విప్పు."

దాలి నా మూతి తాడు విప్పాడు. చెయ్యి లోపలికి పెట్టాడు. మోచేయి దాటి వెళ్ళింది, గాలి తప్ప ఏమీ తగల్లేదు. అడుగున గుడ్డలన్నీ ఒకే ముద్దయిపోయి, పలుగుతో తవ్వాల్సినట్టున్నాయి. వాడు వంగి ఆ ఖాళీలోకి చూశాడు.

"ఇన్నాళ్ళూ నాను గుద్దినది దీన్నేటి గురూగారూ?"

గురువుగారు ముద్దలోంచి ఒక గుడ్డ కొస లాగి వాడి చేతికిచ్చారు. ముందే ఒకసారి చెప్పారు కదా.

గుడ్డలు ఒక్కొక్కటే ఊడదీసి కల్వర్టు మీద ఆరేశాడు. తల్లి నీలం చీరని విడిగా దులిపి పరిచాడు. ఎర్రయ్య కొట్టులోంచి ఇవతలికి వచ్చి ఒక కబురు చెప్పాడు. "తవిటయ్యకి సాలూర్లో పెద్ద సన్మానం జరుగుతున్నాదట. వొచ్చే పోటీకి బ్యాండుకి ఇప్పుడే బయానా ఇచ్చేసినారట."

"ఆ ఊరి బస్తా ఎవులు విప్పుతున్నారో," అన్నారు గురువుగారు.

ఎండ దిగాక కూరడం మొదలుపెట్టాడు. కర్రతో దట్టించి దట్టించి కూరినా నా తల నిండలేదు. దాలి ఇంటికి వెళ్ళి తిరిగొచ్చాడు. వెనకే సూరీడమ్మ కూడా వచ్చింది. వాడి చేతుల్లో శాలువాలన్నీ ఉన్నాయి, జరీ అంచులు మెరుస్తూ.

"కూరీ నాయినా. పెట్టిలో ఉండి ఏటి సేసినాయి? ఆటికీ ఒక పని దొరికింది," అంది తల్లి.

నిండాను. పుట్టాక ఎప్పుడూ లేనంత నిండాను. గురువుగారు నన్ను ఎత్తబోయారు, లేవలేదు. మళ్ళీ పట్టారు, అంగుళమైనా కదల్లేదు. దాలి వంగి నన్ను భుజానికెత్తుకున్నాడు. రోడ్డు దాటాడు. గుమ్మం ముందు ఆగాడు. పైన స్వామి, కింద గడప, వెనక ఎర్రయ్య టీ పొయ్యడం మానేసి చూస్తున్నాడు. ఒట్టేసుకున్న మనిషి ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు గానీ, నా బరువుకి వాడి కాళ్ళు ఆగలేదు.

లోపలికి అడుగు పెట్టాడు.

ఆ గుమ్మం ఎత్తు తక్కువ. నన్ను మోస్తూ దాటాలంటే మెడ బాగా వంచాలి. వంచాడు. అది వినయమో, బరువో నేను చెప్పలేను. వాడి మెడకి తల ఆనించి మోయించుకున్నదాన్ని, ఆ వంపు మాత్రం నాకు తెలుసు.