కామాక్షి ఆముదం సీసా

అరచేతుల్లో ఆముదం పోసుకుని మణికట్ల దాకా రుద్దుకుని కామాక్షి జీడిగింజల ముందు కూర్చుంది. పలాసలో ముప్పై ఏళ్లుగా ఇదే పని, గింజ కొట్టి పప్పు తీయడం. ఆముదం లేకపోతే గింజలోని జీడి చేతుల్ని కాల్చేస్తుంది. అయినా వేళ్ల కొసలు ఎప్పుడో నల్లగా అరిగిపోయాయి. వేలిముద్రల యంత్రాలు ఆమెను మనిషిగా ఒప్పుకోవడం మానేశాయి.

ఏడాది కిందట చేతులు ఆడుతుండగానే మనసు ఆగిపోయింది. కారణమంటూ లేదు. కూర చప్పగా ఉన్నా, పక్కింటి కోడి వచ్చి కంచంలో ముక్కు పెట్టినా నోరెత్తేది కాదు. ఆ నోటికి ఒకప్పుడు వీధంతా హడల్! తిట్టని అత్త ఎన్నాళ్లు బతుకుతుందని కోడలు దేవికి బెంగ పట్టుకుంది. మాత్రలతో గుణం కనిపించకపోతే, తలకు అయస్కాంతం పెట్టి మెదడును తట్టిలేపే డాక్టరు దగ్గరికి, టెక్కలికి లాక్కుపోయింది.

మొదటిరోజు కామాక్షి తలంతా ఆముదం పట్టించుకుని వెళ్లింది. కొలతల టోపీ జర్రున జారి ముక్కు మీదికొచ్చింది.

"ఇదేటి పిన్నీ!" అంది నర్సు రమణి.

"కాల్సే పనికి ముందు రాసుకోవాల కదమ్మా," అంది కామాక్షి నీరసంగా.

తలంటి పోసేసరికి డాక్టరు భోజనవేళ దాటిపోయింది. అయినా సీసా మాత్రం రోజూ ఆమె వెంట వచ్చేది.

ఇవాళ పని సగంలో ఆపి చివరి విడతకు వెళ్లింది. ఇరవై నిమిషాలు వడ్రంగిపిట్ట పొడిచినట్టు తల మీద టకటక. ఒళ్లో సీసా. అయ్యాక డాక్టరు ఎప్పటిలాగే, "మనసెలా ఉందమ్మా, పదికి ఎన్ని?" అన్నాడు. అంకెలు ఆమెకు ఆనవు, పప్పు లెక్కలో చెప్పేది: పొడిలాంటి నూక, విరిగిన ముక్క, సగానికి చీలిన బద్ద, చెక్కుచెదరని గుండు. తొలివారమంతా నూక. తర్వాత ముక్క. దేవి ఊపిరి బిగబట్టింది.

కామాక్షి సీసా కిటికీ గట్టు మీద పెట్టి, రెండు చేతులూ విడదీసి చూపించింది. "బద్ద బాబూ. గుండు అనీసి అబద్దమాడను."

ఆయన కాగితం మీద 'బద్ద' అని రాసుకున్నాడు.

దేవి మాత్రం కదల్లేదు. సగమేనా అని దిగులుపడిపోయింది.

"ఏటే, అలా గుడ్లప్పగించి సూత్తన్నావు? బస్సెల్లిపోద్ది! ఏడాదై సప్పిడి కూరలెట్టి సంపుతున్నావు, నడు!"

దేవి భళ్లున ఏడ్చి, అంతలోనే నవ్వేసింది. "అత్తా, ఇంకొక్కపాలి తిట్టవా?"

"దారిపొడుగునా ఉంది, రా!"

ఇద్దరూ వెళ్లిపోయారు. సాయంత్రం గది సర్దుతూ రమణి కిటికీ వైపు చూసింది. గట్టు మీద మూత బిగించిన ఆముదం సీసా, దాని మీద ఏ యంత్రానికీ అందని ఆ వేళ్ల గుర్తులు, అయిదూ జిడ్డు జిడ్డుగా.