నేలకు కొలతలు

"ఆ రాయి మీద చెయ్యి వేస్తే బాగుండదు పాపా. ఇది నా చేను."

ఉరుకుందప్ప గట్టు మీద కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు. జిలాని బాషాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మైదుకూరులో టైలరు దుకాణం మూసుకొని, కూతురు షాహనాను బండెక్కించుకొని, పులివెందుల దాటి ఇంత దూరం వచ్చింది ఈ మాట పడటానికా? షాహనా పీహెచ్‌డీకి ఈ చుట్టుపక్కల నల్లబండలన్నీ కొలిచేసింది. ఈ చేలోదొక్కటే మిగిలింది. ఇది కొలవకుంటే లెక్క తెగదు, లెక్క తెగకుంటే ఇన్నేళ్ళ చదువూ గంగపాలే.

"ఏమప్పా, కొలిస్తే రాయి అరిగిపోతాదా?" అన్నాడు బాషా.

"తుమ్మలపల్లె గనులు పక్కనే ఉండాయి. ఈ పొద్దు టేపు తెస్తారు, రేపు యురేనియమని మిషన్లు తెస్తారు. చేను పోతే నేను యాడికి పోవాల?"

బాషా నోరు తెరిచేలోగా షాహనా ఆయన చెయ్యి పట్టుకొని ఆపింది. "మాగ్మా" అని ఏదో మొదలుపెట్టి, ఉరుకుందప్ప మొహం చూసి మానుకుంది. పక్కనే చెనక్కాయలు ఏరుతున్న అతని భార్య సిద్దమ్మ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, రవిక బిగుతైతే ఏం చేస్తావు?"

"పక్కన ముక్క వేయిస్తా. లేకుంటే పిగులుతాది గదా."

"నేల కూడా అంతే. కోట్ల ఏండ్ల కిందట ఈ సీమ నేలంతా రెండు పక్కలకీ సాగింది. పిగిలిన చోటల్లా కింద నుంచి కరిగిన రాయి పాకం మాదిరి పైకొచ్చి, సందులో దూరి గట్టిపడింది. ఈ నల్లబండ అట్ల పడిన పక్కముక్కే. ముక్కల వెడల్పులన్నీ కూడితే నేల ఎంత సాగిందో తెలుస్తాది. యురేనియం నా పని కాదు పెద్దమ్మా, నాకు ఈ వెడల్పు చాలు."

సిద్దమ్మ పకపకా నవ్వింది. "అర్థమైందా అయ్యా? లేకుంటే నీకూ ఒక రవిక కుట్టించాల్నా?"

ఉరుకుందప్ప బండను కొత్తగా చూశాడు. నాగలికి అడ్డమని తాతల నాటి నుంచీ తిట్టుకున్న బండ. "అంటే నా చేను ఇంత పెరిగిందా?" అని గొంతు తగ్గించాడు. "సర్వేవాళ్ళతో మాత్రం అనొద్దు పాపా. ఎక్కువుండాదని కోసుకుంటారు."

కర్ర తీశాడు. బాషా టేపు కొస పట్టుకొని బండ అంచున కూర్చున్నాడు.

"ఆడ కాదు నాయనా, ఏటవాలుగా పట్టినావు. సూటిగా పట్టాల," అంది షాహనా దిక్సూచి చూసుకుంటూ.

ఊరందరి కొలతలూ తీసినవాడికి కొలత నేర్పుతోంది! ఇంకెవరైనా అయితే బాషా టేపు విసిరికొట్టేవాడే. ఇప్పుడు మాత్రం బుద్ధిగా జరిగి పట్టుకున్నాడు.

"నువ్వేం పని చేస్తావప్పా?" అనడిగాడు ఉరుకుందప్ప.

"టైలర్ని. మనుషుల కొలతలు తీస్తా," అన్నాడు. అక్కడితో ఆగలేక, అవతలి చేలోవాళ్ళకు కూడా వినబడేట్టు అరిచాడు. "నా బిడ్డ నేల కొలతలు తీస్తాండాది!"